వాహన సందేహాలు: మోటార్‌హోమ్ కుదుపులు, నమ్మదగిన మరమ్మతు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తర్వాత నేనూ నా భార్యా ఊళ్లు తిరగాలన్న కోరికతో, పదిహేడు సీట్ల వ్యాన్‌ను మోటార్‌హోమ్‌గా మార్పించిన బండిని ఒకరి దగ్గర కొనుక్కున్నాము. అందులో రెండు పడకలు, చిన్న వంటగట్టు, 150 లీటర్ల నీళ్ల ట్యాంకు, రెండు ఇన్వర్టర్ బ్యాటరీలు, పైకప్పు మీద ఏసీ ఉన్నాయి. వెనక స్టాండు మీద స్కూటర్ కట్టుకుంటాము. అతుకులు వేసిన రోడ్డు మీద ఒళ్లంతా అదురుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా వెనక భాగం దేనికో గుద్దుకున్నట్టు దబ్బుమంటుంది. లేపాక్షి వెళ్లి వచ్చేసరికి నా భార్యకు నడుం నొప్పి పట్టుకుంది. హైవే మీద వేగం 70 దాటితే స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉంటుంది. ఒక మెకానిక్ వెనక కమాన్ కట్టలో (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో) ఒక పట్టీ తీసేస్తే మెత్తబడుతుందన్నాడు. ఇంకొకరు ఎయిర్ సస్పెన్షన్ వేయించమన్నారు. ఏది చేయించాలి?
– ఒక పాఠకుడు, రామమూర్తినగర్, బెంగళూరు

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. మీరు మొదట వెళ్లవలసింది లారీలను తూచే కాటాకు, అంటే వే బ్రిడ్జికి. మీ ఉత్తరంలో మూడు వేర్వేరు లక్షణాలు కలిసి ఉన్నాయి, వాటి కారణాలు కూడా వేర్వేరు. బండి బరువెంతో, ఆ బరువు ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో తెలియకుండా సస్పెన్షన్‌లో ఏ భాగం మార్చినా డబ్బు ఖర్చవుతుందే గాని ఫలితం దక్కుతుందని చెప్పలేము.

నీళ్ల ట్యాంకు, డీజిల్ నిండుగా ఉంచి, గిన్నెలు, పరుపులు, గ్యాస్ సిలిండరు, స్కూటర్‌తో సహా ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, మీరిద్దరూ లోపల కూర్చుని బండిని తూకానికి పెట్టండి. మొత్తం బండిని ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉండేలా మరొకసారి తూయించి మూడు చీటీలూ తీసుకోండి. కాటా పక్కన నేల సమంగా ఉంటే ఎడమ చక్రాలను, కుడి చక్రాలను కూడా విడివిడిగా తూయించవచ్చు. ఆ అంకెలను ఆర్‌సీలో రాసిన గరిష్ఠ బరువుతోనూ, వాహనం కంపెనీ పుస్తకంలో ఒక్కో ఇరుసుకు ఇచ్చిన పరిమితితోనూ పోల్చి చూడండి. మొత్తం బరువు పరిమితిలోనే ఉండి వెనక ఇరుసు ఒక్కటే పరిమితి దాటిన బండ్లు ఉంటాయి. మీ బండి అలాంటిదేనని నా అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం మీరు రాసిన వివరాల్లోనే ఉంది. 150 లీటర్ల నీళ్లంటే 150 కిలోలు. ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కొక్కటి 50 కిలోలకు పైనే తూగుతుంది. అల్మారాలకు, మంచాలకు వాడే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ఒక్కో షీటు సుమారు 35 కిలోలు ఉంటుంది. ఇంట్లో అల్మారాలు చేసే వడ్రంగి చేతనే బండి లోపలి పని కూడా చేయిస్తే, ఆయన ఇంటికి వాడే మందమే ఇక్కడా వాడేస్తాడు, అందుకు ఆయనను తప్పు పట్టలేము. స్కూటర్, దాని స్టాండు కలిపి 130 కిలోలు అనుకుందాం. అది వెనక ఇరుసుకు 1.8 మీటర్లు వెనకగా ఉందనీ, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లనీ అనుకుంటే, వెనక ఇరుసు మీద అదనంగా పడేది 130 కిలోలు కాదు, సుమారు 193 కిలోలు. ఇరుసుకు వెనకగా వేలాడే బరువు ముందు భాగాన్ని పైకి లేపుతుంది కాబట్టి మిగిలిన ఆ 63 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి తగ్గి వెనక్కు చేరతాయి. 70 దాటాక స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపించడానికి ముందు చక్రాల మీద బరువు తగ్గడం ఒక బలమైన కారణం కావచ్చు. కాబట్టి స్కూటర్‌ను ఇంటి దగ్గర వదిలి ఒకసారి అదే రోడ్డు మీద, అదే వేగంతో నడిపి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇక దబ్బుమనే శబ్దం సంగతి. ఇరుసుకూ చాసీకీ (బండి అడుగు చట్రానికీ) మధ్య రబ్బరు దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని బంప్ స్టాపర్ అంటారు. కమాన్ కట్ట పూర్తిగా వంగిపోయినప్పుడు ఇనుము ఇనుముకు తగలకుండా ఆ రబ్బరు అడ్డుకుంటుంది. బండిని నిండు బరువుతో సమమైన నేల మీద నిలిపి, ఆ రబ్బరుకూ ఇరుసుకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో రెండు వైపులా చూడండి. ఖాళీ రెండు మూడు వేళ్ల మందం కూడా లేకపోయినా, ఇరుసు మీద రబ్బరు గుద్దుకున్న చోట మట్టి రాలిపోయి నున్నగా మెరుస్తున్నా మీ కమాన్లు అప్పటికే అడుగంటిపోయి ఉన్నాయని అర్థం. అలాంటి బండిలో ఒక పట్టీ తీసేస్తే ఖాళీ ఇంకా తగ్గుతుంది, దబ్బుమనే శబ్దం ఇంకా పెరుగుతుంది, మిగిలిన పట్టీల మీద భారం ఎక్కువై అవి విరిగే ప్రమాదం దగ్గరపడుతుంది. అంతేకాదు, కొన్ని వ్యాన్లలో వెనక ఇరుసు ఎత్తును బట్టి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించే వాల్వు ఒకటి ఉంటుంది. పట్టీ తీసి ఎత్తు మార్చితే ఆ వాల్వు బరువు విషయంలో తప్పు లెక్క కడుతుంది. ఇంజిను శక్తిని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కూడా మారి కొత్త వణుకు పుట్టవచ్చు. మెత్తదనం కోసం పట్టీ తీయడం ఖాళీగా తిరిగే బండికి ఎవరో చెప్పిన చిట్కా. ఎప్పుడూ ఇల్లంత సామానుతో తిరిగే మోటార్‌హోమ్‌కు అది హాని చేస్తుంది.

అతుకుల రోడ్డు మీద ఒళ్లు అదరడం మాత్రం వేరే సమస్య. ఒకదాని మీద ఒకటి పేర్చిన పట్టీల కమాన్ కట్ట కదలాలంటే ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. తుప్పు పట్టి, దుమ్ము చేరి, మధ్యలో గ్రీజు ఎండిపోయి ఉంటే ఆ రాపిడి ఎంత పెరుగుతుందంటే, చిన్న గతుకు ఇచ్చే తోపు దానిని దాటలేక కమాన్ కట్ట అసలు కదలదు. అప్పుడు ఆ అదురు నేరుగా చాసీకి, అక్కడి నుంచి సీటుకు, సీటు నుంచి నడుముకు చేరుతుంది. పెద్ద గుంటలో వంగే కమాను చిన్న అతుకు మీద బిగుసుకుపోవడానికి కారణం ఇదే. కట్టను దింపి, పట్టీలు విడదీసి, తుప్పు గీకి, పగుళ్లు ఉన్నాయేమో చూసి, పట్టీల చివర్లలో ఉండే నైలాన్ లేదా రబ్బరు ప్యాడ్లు అరిగితే కొత్తవి వేసి, గ్రాఫైట్ గ్రీజు రాసి మళ్లీ బిగించడం పాత కాలపు పనిలా కనిపించినా, పాత వ్యాన్‌లో కుదుపు తగ్గించడానికి దీనికి మించిన పని చాలాసార్లు అవసరం పడదు. అదే సమయంలో కమాన్ కట్ట చివరను చాసీకి కలిపే షాకిల్ బుష్‌లు (తొడుగులు), పిన్నులు కూడా చూడాలి. బుష్ అరిగి ఇనుము ఇనుముకు తగులుతుంటే ఎంత మంచి కమాను వేసినా అదురు పోదు. పనిలో పనిగా కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు కొత్తవి వేయించండి. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్లీ బిగించి వాడడం నాకు నచ్చని పని.

మీ బండికి పారబోలిక్ కమాన్లు ఉంటే లెక్క కొంత మారుతుంది. వాటిలో పట్టీలు తక్కువగా ఉండి, మధ్యలో మందంగా, చివరలకు పోయేకొద్దీ పల్చగా ఉంటాయి. పట్టీలు నడిమధ్యన, చివర్లలో తప్ప ఒకదానికొకటి తగలవు కాబట్టి రాపిడి తక్కువ. అయితే ఆ రాపిడి తగ్గినందువల్ల కమాను ఊగడాన్ని ఆపే పని మొత్తం షాక్ అబ్జార్బర్ల మీద పడుతుంది. అలాంటి బండిలో షాక్ అబ్జార్బర్ నూనె కారితే ఒక గుంట దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతుంది. షాక్ అబ్జార్బర్లను ఎప్పుడూ ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి. గ్యాస్ నింపినవి వేస్తే పొడవైన ప్రయాణంలో నూనె వేడెక్కి నురగ కట్టడం తగ్గుతుంది, బండి అదుపు మెరుగుపడుతుంది. వాటితో చిన్న అతుకుల అదురు మాయమవుతుందని మాత్రం ఆశించవద్దు, కొన్నిసార్లు అది కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది.

ఎయిర్ సస్పెన్షన్ అన్న మాటతో మన దగ్గర రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతారు. ఒకటి, ఉన్న కమాన్లను అలాగే ఉంచి ఇరుసుకూ చాసీకీ మధ్య రబ్బరు గాలి తిత్తులు అదనంగా పెట్టడం. వెనక భాగం కుంగిపోయిన బండిని పైకి లేపడానికి, ఎడమ కుడి వాలు సరిచేయడానికి ఇది బాగా పనికొస్తుంది, స్టాపర్‌కు గుద్దుకోవడం కూడా తగ్గుతుంది. కానీ ఉన్న కమాను బిగువుకు గాలి తిత్తి బిగువు కూడా తోడవుతుంది కాబట్టి అసలు మెత్తదనం రాదు. వాహనం కంపెనీ ఒప్పుకున్న బరువు కూడా దానివల్ల ఒక్క కిలో పెరగదు. పరిమితి దాటిన ఇరుసుకు తిత్తులు పెట్టడమంటే లోపం కనబడకుండా దాచడమే. రెండోది, కమాన్లు పూర్తిగా తీసేసి గాలి తిత్తులు, ఇరుసును పట్టి ఉంచే రాడ్లు, కంప్రెసరు, ఎత్తు నియంత్రించే వాల్వులు అమర్చడం. పెద్ద బస్సుల్లో మనం అనుభవించే మెత్తదనం ఇలాంటి దానిదే. కమాను తీసేసినప్పుడు ఇరుసును ముందుకు వెనక్కు, పక్కలకు కదలకుండా పట్టుకునే పని కూడా పోతుంది. ఆ పనిని మోసే బ్రాకెట్లను చాసీకి ఎక్కడ, ఎలా బిగించాలో ఇంజనీరు లెక్క కట్టాలి. షెడ్డులో కొలత టేపుతో చేసే పని కాదది. పైగా మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనంలో మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతిని గట్టిగానే చెప్పింది. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. మీరు బండిని వాడినదిగా కొన్నారు కాబట్టి, మొదటి యజమాని చేయించిన మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో, బీమా పాలసీలో బండి రకం ఏమని రాసి ఉందో ఇప్పుడే చూసుకోండి. ప్రమాదం జరిగిన తర్వాత ఆ కాగితం వెతుక్కోవలసిన పరిస్థితి మీకు రాకూడదు.

కాబట్టి నేను చేయమనే వరుస ఇది. మొదట తూకం. తర్వాత బరువు తగ్గింపు, సర్దుబాటు: దారిలో నీళ్లు దొరికే చోటికి వెళ్తున్నప్పుడు ట్యాంకు మూడోవంతు నింపితే 100 కిలోలు తగ్గుతాయి. సీసం బ్యాటరీల కాలం తీరినప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేస్తే, అంతే విద్యుత్తును నిలవ చేసే సీసం బ్యాటరీ బరువులో సగానికన్నా తక్కువతో సరిపోతుంది. బరువైన సామాను రెండు ఇరుసుల మధ్యన, వీలైనంత కిందుగా, ఎడమ కుడి సమంగా ఉండాలి. ఆ తర్వాత టైర్ల గాలి, దాని గురించి కింది ఉత్తరానికి రాసిన జవాబు చూడండి. ఆ తర్వాత బుష్‌లు, కమాన్ల శుభ్రత, షాక్ అబ్జార్బర్లు. ఇవన్నీ అయ్యాక కూడా బరువు పరిమితిలో ఉండి వెనక కుంగు మిగిలితే అప్పుడు అదనపు గాలి తిత్తుల గురించి ఆలోచించవచ్చు. ఒక్కో పని తర్వాత అదే దారిలో నడిపి చూడండి. మీకు దగ్గరలో కోలారు వైపు వెళ్లే రోడ్డు ఉంది కదా, అందులో ఒక పది కిలోమీటర్ల ముక్కను పరీక్షకు ఎంచుకోవచ్చు.

మీ భార్యగారి నడుం నొప్పి గురించి ప్రత్యేకంగా ఒక మాట. బండి నడుస్తున్నప్పుడు ఆమె వెనక పడక మీద కూర్చోవడమో పడుకోవడమో చేస్తుంటే అది వెంటనే మాన్పించండి. ఇరుసుకు వెనకగా ఉన్న చోట ప్రతి కుదుపూ మరింత ఎక్కువగా తెలుస్తుంది, సీటు బెల్టు లేని పడక మీద హఠాత్తుగా బ్రేకు పడితే గాయం తప్పదు. రెండు ఇరుసుల మధ్యన, వీపుకు ఆనిక ఉన్న బెల్టు సీటులో కూర్చోవాలి. నొప్పి తగ్గకుండా నిలిచిపోతే బండి బాగయ్యే దాకా ఆగకుండా వైద్యుడిని కలవండి.

ప్రశ్న: మా మోటార్‌హోమ్ టైర్లలో గాలి తగ్గిస్తే కుదుపు తగ్గుతుందని స్నేహితులు చెప్పారు. పెట్రోలు బంకులో అబ్బాయి నాలుగు చక్రాలకూ ఒకే గాలి కొడతాడు. ఎంత ఉండాలి?
– ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు

జవాబు: గాలి ఎంత ఉండాలన్నది ఆ టైరు మోస్తున్న బరువును బట్టి తేలుతుంది. అందుకే పై పాఠకుడికి చెప్పిన తూకం మీకూ అవసరం. టైరు గోడ మీద 109/107 లాంటి అంకెలు ఉంటాయి. అందులో 109 అంటే ఆ టైరు ఒక్కటిగా వాడినప్పుడు 1,030 కిలోలు, 107 అంటే జంటగా బిగించినప్పుడు ఒక్కోటి 975 కిలోలు మోయగలదని అర్థం. ఆ బరువు మోయడానికి కావలసిన గాలి కూడా చాలా టైర్ల గోడ మీదే రాసి ఉంటుంది, అది గరిష్ఠ బరువుకు సంబంధించిన అంకె. మీ ముందు టైరు ఒక్కోదాని మీద పడే బరువు అందులో నాలుగింట మూడు వంతులే ఉంటే ముందు టైర్లలో అంత గాలి అక్కర్లేదు, ఉంటే రాయిలా గట్టిపడి ప్రతి గులకరాయినీ లోపలికి చెబుతుంది. టైరు కంపెనీ డీలరు దగ్గర బరువుకూ గాలికీ సంబంధించిన పట్టిక అడిగి, మీ తూకపు చీటీతో పోల్చి, ముందుకు ఒక అంకె, వెనకకు ఒక అంకె నిర్ణయించుకుని డోరు దగ్గర రాసి అంటించండి.

పట్టిక చెప్పినదానికంటే తగ్గించవద్దు. గాలి తక్కువైన టైరు గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం అనంతపురం దారిలో బరువైన బండిని ఎక్కువ వేగంతో నడిపితే ఆ వేడికి టైరు పేలిపోవచ్చు. గాలి చూడవలసింది బండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేయకూడదు. మంచి గేజు ఒకటి సొంతంగా కొనుక్కోండి. మోటార్‌హోమ్ నెలల తరబడి నిలబడే బండి కాబట్టి టైరు మీది గాళ్లు అరగకుండానే రబ్బరు ముసలిదైపోతుంది. టైరు గోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 1419 అని ఉంటే 2019లో పద్నాలుగో వారంలో తయారైందని. ఆరేళ్లు దాటిన టైరును గాళ్లు నిండుగా ఉన్నాయని చూసి వదిలేయకుండా, గోడ పగుళ్లు చూపించి నిపుణుడి చేత నిర్ణయం చేయించండి.

ప్రశ్న: మేము నలుగురం ఉన్న కుటుంబం. సెలవుల్లో మా సొంత మోటార్‌హోమ్‌లో తిరుగుతాము. ముందు ఎడమ వైపు నుంచి కటకటమనే శబ్దం వస్తుంది. ఒక వర్క్‌షాపులో షాక్ అబ్జార్బర్లు మార్చారు, పోలేదు. మళ్లీ తీసుకువెళ్తే స్టీరింగ్ రాడ్ చివరలు మార్చారు, అప్పటికీ పోలేదు. వాహనం కంపెనీ వర్క్‌షాపుకు వెళ్తే మార్పులు చేసిన బండి కాబట్టి తాము ముట్టుకోబోమన్నారు. లోపల ఇల్లు కట్టిన వారిని అడిగితే చాసీ మాకు సంబంధం లేదన్నారు. నమ్మకంగా చేసేవారిని ఎలా గుర్తించాలి? మార్చిన భాగాలకు ఇచ్చిన డబ్బు తిరిగి అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: మీ కష్టం నాకు అర్థమైంది. ఈ బండ్లు నడిపే చాలామంది ఇదే గోడకు గుద్దుకుంటున్నారు. కారు వర్క్‌షాపుకు ఇది పెద్దది, లారీ షెడ్డుకు లోపలి సామాను కొత్తది, కంపెనీకి మార్పు చేసిన బండి అన్న భయం. అన్నీ ఒకే చోట చేసే మనిషి కోసం వెతకడం మానేసి, బండిని మూడు బండ్లుగా భావించండి. చాసీ, ఇంజిను, బ్రేకులు, సస్పెన్షన్ ఒకటి. చెక్క, నీళ్లు, కిటికీలు, పైకప్పు అతుకులు ఇంకొకటి. ఇన్వర్టర్, బ్యాటరీ, సోలార్, వైరింగ్ మూడోది. ఒక్కోదానికి ఒక్కో మనిషిని స్థిరపరచుకుంటే వెతుకులాట తేలికవుతుంది.

చాసీ కోసం కంపెనీ వర్క్‌షాపునే మళ్లీ ప్రయత్నించమంటాను, కాని వెళ్లే పద్ధతి మార్చి. కౌంటర్ దగ్గర ఉండే సలహాదారుతో మాట్లాడకుండా సర్వీసు మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి: ఇంటి భాగాన్ని తాకనక్కర్లేదు, చాసీ నంబరు ఇది, మార్పు నమోదైన ఆర్‌సీ నకలు ఇది, నాకు కావలసినది ముందు సస్పెన్షన్ తనిఖీ మాత్రమే అని. కార్ల విభాగానికి కాకుండా అదే కంపెనీ వాణిజ్య వాహనాలు చూసే వర్క్‌షాపుకు వెళ్తే మీ బండి ఎత్తూ బరువూ వారికి కొత్తగా ఉండవు. అప్పటికీ కాదంటే, మీ చాసీ మీదే నడిచే స్కూలు బస్సులు, టెంపో ట్రావెలర్ టాక్సీల యజమానులను అడగండి. బండి ఒక రోజు ఆగితే ఆదాయం పోయేవారు పని తెలియని షెడ్డుకు రెండోసారి వెళ్లరు. కళాసిపాళ్యం దగ్గర ట్రావెల్స్ ఆఫీసుల్లో తెలుగు డ్రైవర్లు చాలామంది కనిపిస్తారు. "అన్నా, మీ బండి కమాన్లు ఎక్కడ చేయిస్తారు?" అని అడిగితే ఇద్దరు ముగ్గురి నోట ఒకే షెడ్డు పేరు వినిపించవచ్చు. విడిభాగాలకు జేసీ రోడ్డు ఉండనే ఉంది. పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లి, అంకె చూపించి కొనుక్కోండి. ఇంటి భాగానికి సంబంధించిన ఇనుప పనులు, బ్రాకెట్లు పీణ్య లాంటి పారిశ్రామికవాడలోని ఫ్యాబ్రికేషన్ షెడ్లలో చేయించుకోవచ్చు. ఆంధ్ర వైపు ప్రయాణంలో ఇబ్బంది వస్తే విజయవాడ ఆటోనగర్, సేలం వైపు వెళ్తే లారీలకు పేరుపడ్డ నామక్కల్, బస్సు బాడీలకు పేరుపడ్డ కరూరు గుర్తుపెట్టుకోండి. సెలవుల దారి ఎంచుకునేటప్పుడు ఆ ఊళ్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుంటే మనసు నిబ్బరంగా ఉంటుంది.

మంచి షెడ్డును గుర్తించడానికి నేను చూసే మొదటి సంగతి ఒకటే: భాగం పేరు చెప్పకముందు ఆయన మీతో కలిసి బండిలో కూర్చుని ఆ శబ్దం వింటాడా? విననివారు ఊహ మీద భాగాలు మారుస్తారు. మీ విషయంలో జరిగింది అదేనని అనిపిస్తోంది. ఆ తర్వాత, అంచనాను కాగితం మీద రాసిస్తాడా, తీసిన పాత భాగాలు చేతికి ఇస్తాడా, చక్రాల నట్లు, యూ బోల్టులు టార్క్ రెంచ్‌తో (బిగింపును కొలిచే పానాతో) బిగిస్తాడా అన్నవి చూడండి. కమాను పని చేశాక 500 కిలోమీటర్లు నడిపి యూ బోల్టులు మళ్లీ బిగించుకోవడానికి రమ్మని తనంతట తాను చెప్పేవాడు పని తెలిసినవాడు. విరిగిన కమాను పట్టీని వెల్డింగ్ చేసి ఇస్తానన్నవాడి దగ్గర బండి వదలకండి. ఆ వేడికి ఉక్కు పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది, అది ఎక్కడ విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కొత్త షెడ్డుకు మొదటిసారే పెద్ద పని అప్పగించవద్దు. బ్రేకుల శుభ్రతో, బుష్‌ల మార్పో చేయించి పని తీరు చూశాక మిగతాది ఇవ్వవచ్చు.

మీ కటకట శబ్దానికి వస్తే, ముందు అది చాసీదా, ఇంటిదా తేల్చండి. ఎడమవైపు అల్మారాలు, సొరుగులు ఖాళీ చేసి, తలుపులు టేపుతో అంటించి, గ్యాస్ పొయ్యి మీది ఇనుప స్టాండు బయట పెట్టి అదే రోడ్డు మీద నడిపి చూడండి. శబ్దం పోతే మెకానిక్ అవసరమే లేదు. కీళ్ల దగ్గర ఫెల్టు అంటించి, సొరుగులకు గట్టి గొళ్లేలు వేయిస్తే సరిపోతుంది. పోకపోతే, ఇంట్లో ఒకరు నెమ్మదిగా నడుపుతుండగా మరొకరు లోపల కూర్చుని, ఫోనులో రికార్డు చేస్తూ ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకోండి. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద రాకుండా, ఒక చక్రమే గుంటలో పడినప్పుడు వస్తుంటే బండి పక్కకు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బారు బుష్‌లను, దాని లింకులను అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి టక్కుమంటే కమాను లేదా ఆర్ము బుష్‌లను, బ్రేకు క్యాలిపర్ పిన్నులను చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వస్తుంటే కారణం వేరే అయి ఉండవచ్చు, అదీ రాసుకోండి. నిలబడి ఉన్న బండిని పక్కకు ఊపినా వస్తే, ఇంటి పెట్టెను చాసీకి బిగించిన బోల్టులు, వాటి మధ్య రబ్బరు ప్యాడ్లు వదులయ్యాయేమో చూడాలి. మార్పించిన బండ్లలో దీన్ని చాలామంది మరచిపోతారు. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి ఇస్తే పని తెలిసిన మెకానిక్ సగం సమయంలో మూలం పట్టుకుంటాడు.

బండికి ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వేసిన భాగం అంకె, చేసిన షెడ్డు అందులో ఉండాలి. రెండు పనులు ఒకేసారి చేయిస్తే ఏది ఫలితమిచ్చిందో తెలియదు కాబట్టి, తప్పనిసరి కానప్పుడు ఒక్కొక్కటిగా చేయించండి. బండిలో ఒక సెంటర్ బోల్టు, యూ బోల్టుల జత, ఇంజిను బెల్టు, ఫ్యూజులు, మీ చాసీకి సరిపోయే బుష్‌లు కొన్ని ఎప్పుడూ ఉంచుకోండి. చిన్న ఊళ్లో చేయి తిరిగిన మెకానిక్ దొరుకుతాడు, సరైన భాగం దొరకదు.

డబ్బు సంగతి. శబ్దం పోవాలని అడిగితే దానికి సంబంధం లేని భాగాలు మార్చి డబ్బు తీసుకోవడం సేవలో లోపం కిందికి వస్తుందని వాదించవచ్చు, కాని ఆ వాదన నిలవడానికి కాగితాలు కావాలి. జీఎస్టీ బిల్లు, మీరు చెప్పిన సమస్య రాసి ఉన్న జాబ్ కార్డు, మార్చిన భాగాల ఫోటోలు, ఇప్పుడు అసలు కారణాన్ని కనుక్కున్న మరో మెకానిక్ రాసి ఇచ్చిన నివేదిక సిద్ధం చేసుకుని, ముందు ఆ వర్క్‌షాపుకే రాతపూర్వకంగా అడగండి. వారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకునే వీలుంది, వర్క్‌షాపు వేరే జిల్లాలో ఉన్నా సరే. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. బిల్లు తీసుకోకుండా నగదు ఇచ్చి ఉంటే, అదే షెడ్డుకు ఫోనులో డబ్బు పంపిన రుజువు ఉందేమో చూసుకోండి, అది కూడా పనికొస్తుంది.